‘వీడు అలవాటు పడిపోయాడు’

ఊరూ పేరూ రాయవద్దని కోరిన ఒక పాఠకుడు పంపిన ఐదు పేజీల ఉత్తరం సారాంశం ఇది. ఆయనకు 38 ఏళ్లు. సొంత ఊరు తూర్పు గోదావరి జిల్లాలో. ప్రభుత్వ రంగ బ్యాంకులో ఆఫీసరు. ప్రమోషన్‌తో పాటు వచ్చిన బదిలీ మీద కిందటి జూన్‌లో హిమాచల్ ప్రదేశ్ కొండల్లోని ఒక చిన్న శాఖకు వెళ్లారు. శాఖలో ఆయనతో కలిపి నలుగురు. మిగతా ముగ్గురూ ఆ చుట్టుపక్కల వాళ్లే కాబట్టి సాయంత్రానికి ఎవరి ఇళ్లకు వాళ్లు చేరుకుంటారు. మంచు మొదలయ్యాక రోడ్డు మూసుకుపోయిన రోజులు, కరెంటు లేని రాత్రులు, సిగ్నల్ అందని పూటలు ఎక్కువయ్యాయి. భార్య ప్రభుత్వ పాఠశాలలో టీచరు. ఎనిమిదేళ్ల పాపతో రాజమండ్రిలో ఉంటారు.

“ఒంటరితనం అంటే ఏమిటో నాకు తెలియదు” అని ఆయన రాశారు. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా హాస్టల్లోనే చదివారు. 2020 లాక్‌డౌన్‌లో భార్యాబిడ్డలు పుట్టింట్లో చిక్కుకుపోతే హైదరాబాదు ఫ్లాట్‌లో రెండు నెలల పైన ఒక్కరే ఉన్నారు, ఏ ఇబ్బందీ పడలేదు. ఇప్పుడు మాత్రం రాత్రి రెండింటికి మెలకువ వస్తోంది, ఛాతీ పట్టేసినట్టు ఉంటోంది. సిమ్లాలో చూపించుకుంటే ఈసీజీ, రక్త పరీక్షలు బాగానే ఉన్నాయన్నారు. చలికని మొదలుపెట్టిన రెండు పెగ్గులు రోజువారీ అయ్యాయి. భార్య ఫోన్ చేస్తే నాలుగు నిమిషాల్లో ముగించాలనిపిస్తుంది. పెట్టేశాక హాయిగా ఉంటుంది, కాసేపటికి ఆ హాయీ ఉండదు. జనవరిలో ఒకసారి రోజున్నర పాటు సిగ్నల్ పోయింది. తిరిగి వచ్చేసరికి భార్యవి పదకొండు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. చూడగానే కోపం వచ్చింది. ఆ వారంలోనే టీ కొట్టు యజమాని మామూలుగా “ఇంట్లో అందరూ బాగున్నారా” అని హిందీలో అడిగితే కళ్లలో నీళ్లు తిరిగాయి. సిగ్గేసి, తాగుతున్న గ్లాసు బల్ల మీద పెట్టి వచ్చేశారు. మళ్లీ ఆ కొట్టుకు వెళ్లలేదు. ఇంటర్నెట్‌లో క్విజ్ చేస్తే తనది ‘అవాయిడెంట్’ అటాచ్‌మెంట్ స్టైల్, అంటే బంధాల్లో దూరం పాటించే తీరు అని వచ్చింది. భార్య తరఫున కూడా తానే జవాబులు కొడితే ఆమెది ‘యాంగ్జియస్’, అంటే ఆరాటపడే తీరు అని తేలింది. ఈమధ్య పాప ఫోన్ దగ్గరికి రావడం మానేసింది. పిలిస్తే “నాన్న బిజీ” అంటోందట.

హాస్టల్ వల్లే ఇలా అయ్యానా, ఇది మారే విషయమేనా, మిగిలిన పదహారు నెలలూ ఇలాగే నెట్టుకురావాలా, లేక ప్రమోషన్ వదులుకుని వెనక్కి వెళ్లిపోవాలా అన్నవి ఆయన ప్రశ్నలు.

మీ ఉత్తరం మూడో పేజీలో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. “ఎనిమిదో తరగతిలో ఉండగా మా నాయనమ్మ పోయింది, పరీక్షలున్నాయని నాకు చెప్పలేదు, సెలవులకు వెళ్లాక తెలిసింది” అని రాశారు. వెంటనే తర్వాతి వాక్యంలో బ్యాంకు బదిలీ నిబంధనల్లోకి వెళ్లిపోయారు. అంతకు ముందు పేజీలో, పదకొండేళ్లు వచ్చేదాకా మిమ్మల్ని పక్కలో పడుకోబెట్టుకుని పెంచింది ఆవిడేనని మీరే చెప్పారు. ఈ రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టి చదవమని మిమ్మల్ని అడుగుతున్నాను. ఆవిడ దగ్గరికి మళ్లీ వస్తాను.

ముందు లాక్‌డౌన్ సంగతి. అప్పుడు ఒంటరిగా ఉండి కూడా బాగానే ఉన్నాను కాబట్టి ఇప్పుడూ బాగానే ఉండాలన్నది మీ లెక్క. ఆ లెక్కలో ఒక పద్దు తప్పిపోయింది. 2020 మార్చి 25 నుంచి దేశమంతా ఇళ్లలో కూర్చున్నా బ్యాంకులు మూయలేదు. ఏప్రిల్ నుంచి మూడు నెలల పాటు జన్‌ధన్ ఖాతాల్లో పడిన 500 రూపాయల కోసం మహిళలు బారులు తీరితే, వాళ్లను దూరం దూరంగా నిలబెట్టి డబ్బులు ఇచ్చిన ఉద్యోగుల్లో మీరూ ఒకరని మీరే రాశారు. అంటే ఆ రెండు నెలలూ మీరు రాత్రిపూట మాత్రమే ఒక్కరు. పగలంతా మీ కోసం జనం ఎదురుచూశారు, మీ భాషలో మాట్లాడారు, కొందరు దండం కూడా పెట్టి ఉంటారు. ఇప్పుడున్న చోట పగలు నలుగురు, భాష వేరు, సాయంత్రం నుంచి గోడలు. అది ఏకాంతం, ఇది ఒంటరితనం. ఈ రెండింటికీ మన భాషలో వేరువేరు మాటలు ఉండటం ఊరికే కాదు.

రాబర్ట్ వైస్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1973లో ఒంటరితనాన్ని రెండుగా విడదీసి చూపించారు. దగ్గరి మనిషి లేకపోవడం వల్ల కలిగేది ఒకటి, పదిమందిలో మనకంటూ చోటు లేకపోవడం వల్ల కలిగేది మరొకటి. ఒకదానికి తెచ్చిన మందు రెండోదానికి పనిచేయదని ఆయన చెప్పిన మాటే నాకు ముఖ్యంగా తోస్తుంది. ఎంతమంది స్నేహితులున్నా భార్యాబిడ్డల లోటు తీరదు. భార్య రోజూ గంటసేపు మాట్లాడినా, ఊళ్లో పలకరించే మనిషి లేని లోటు తీరదు. లాక్‌డౌన్‌లో మీకు రెండోది లేదు. ఇప్పుడు రెండూ ఉన్నాయి, మొదటిది మాత్రం ఎప్పటి నుంచో ఉంది, పని హడావిడిలో వినిపించలేదని నా అనుమానం.

ఇక మీ క్విజ్ చెప్పిన మాట. చిన్నప్పుడు పెంచినవారితో ఏర్పడిన బంధం మన తీరును మలుస్తుందనే అటాచ్‌మెంట్ సిద్ధాంతానికి మూలపురుషుడు జాన్ బౌల్బీ అనే బ్రిటిష్ సైకియాట్రిస్టు; ఆయన్నీ బాల్యంలోనే బోర్డింగ్ స్కూల్లో చేర్చారు. 1948 నుంచి ఆయన దగ్గర పనిచేసిన జేమ్స్ రాబర్ట్‌సన్ లండన్ ఆసుపత్రుల పిల్లల వార్డుల్లో కూర్చుని చూశారు. తల్లిదండ్రులు వారానికి ఒక్కసారి వచ్చి చూసి వెళ్లాలన్న రకం నియమాలు అప్పట్లో ఉండేవి. చేరిన పిల్లవాడు మొదట గొంతు చించుకుని ఏడుస్తాడు, తర్వాత మూలన కూర్చుండిపోతాడు, ఆ తర్వాత మామూలైపోతాడు. నర్సులతో ఆడతాడు, పెట్టింది తింటాడు, అమ్మ వస్తే పెద్దగా పట్టించుకోడు. ఆ మూడో దశను చూసి వార్డు సిబ్బంది పిల్లవాడు కుదురుకున్నాడని ఊపిరి పీల్చుకునేవారు. రాబర్ట్‌సన్, బౌల్బీ మాత్రం అది కుదురుకోవడం కాదనీ, బంధం నుంచి మనసును విడదీసుకోవడమనీ అన్నారు.

ఇప్పుడు మీ ఉత్తరంలోని ఆదివారాలు చూడండి. నాన్నగారు క్యారేజీ పట్టుకుని వచ్చేవారు, ఆరింటి బస్సుకు వెళ్లిపోయేవారు. మొదటి నెల గేటు ఊచలు పట్టుకుని ఏడ్చారు, పెద్ద పిల్లలు ఎగతాళి చేశారు. రెండో నెల నుంచి నాన్నగారు లేవకముందే “స్టడీ అవర్ ఉంది” అని మీరే లోపలికి వెళ్లిపోయేవారు. వార్డెన్ ఆయనతో “వీడు అలవాటు పడిపోయాడండీ” అన్నారు, ఆయన సంతోషించారు. పదకొండేళ్ల పిల్లవాడు ఇంతకంటే తెలివైన పని చేయలేడు: వదిలేసి వెళ్లేది ఎలాగూ ఖాయమైనప్పుడు, ముందుగా తానే లేచి వెళ్లిపోతే ఏడుపు రాదు. నాలుగు నిమిషాలకు మీరు ఫోన్ ముగిస్తున్నప్పుడు ‘స్టడీ అవర్ ఉంది’ అంటున్నది ఆ పిల్లవాడే కావచ్చు. పెట్టేయగానే వచ్చే హాయి కూడా ఆ గేటు నుంచి లోపలికి నడిచేటప్పటి హాయిలాంటిదే.

బౌల్బీతో పనిచేసిన మేరీ ఎయిన్స్‌వర్త్ అమెరికాలోని బాల్టిమోర్‌లో ఏడాది వయసు పిల్లల మీద ఇరవై నిమిషాల పరీక్ష ఒకటి రూపొందించారు. తల్లి కాసేపు గదిలోంచి బయటికి వెళ్లి తిరిగి వస్తుంది. కొందరు పిల్లలు ఏడ్చి, తల్లి రాగానే ఊరుకుని మళ్లీ ఆటలో పడతారు. కొందరు తల్లి తిరిగి వచ్చినా ఊరుకోరు, ఎత్తుకోమంటూనే తోసేస్తారు. ఇంకొందరు తల్లి వెళ్లినా వచ్చినా బొమ్మల మీద నుంచి తల ఎత్తరు. ఈ మూడో రకం పిల్లలకు బాధ లేదని చూసేవారికి అనిపిస్తుంది. కానీ 1977లో స్రూఫ్, వాటర్స్ అనే ఇద్దరు పరిశోధకులు ఇటువంటి పిల్లల గుండె కొట్టుకునే వేగాన్ని కొలిస్తే, ముఖం నిబ్బరంగా ఉన్నా గుండె మాత్రం వేగంగా కొట్టుకుంటోందని తేలింది. రాత్రి రెండు గంటల మీ ఛాతీ గురించి చదువుతున్నంతసేపూ నాకు ఆ పిల్లలే గుర్తొచ్చారు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఛాతీ బిగింపు అంతా మనసుదే అని ఉత్తరం చదివి తేల్చే అర్హత నాకు లేదు. మెట్లెక్కేటప్పుడు వచ్చినా, చెయ్యి లేదా దవడ లాగినా, ఆయాసం ఉన్నా ఆలస్యం చేయకుండా మళ్లీ చూపించుకోండి. ఎత్తయిన చోట నిద్ర చెదిరే అవకాశం ఉందనీ గుర్తుంచుకోండి. ఆ రెండు పెగ్గుల విషయం కూడా దాటవేయలేను. మద్యం తొందరగా నిద్ర పట్టిస్తుంది, అర్ధరాత్రి దాటాక అదే ఆ నిద్రను చెడగొడుతుంది. ఒళ్లు వెచ్చబడ్డట్టు అనిపించడమే తప్ప నిజానికి శరీరంలోని వేడి బయటికి పోతుంది. మీ రెండు గంటల మెలకువలో సగం వాటా సీసాదే కావచ్చు.

మీకు ‘అవాయిడెంట్’, మీ భార్యకు ‘యాంగ్జియస్’ అన్న చీటీలు అంటించడం మాత్రం నాకు నచ్చలేదు. ఆవిడ జవాబులు మీరు కొట్టారు కదా! పెద్దవాళ్ల విషయంలో ఈ వర్గీకరణ మొదలైంది ఒక పత్రిక ప్రశ్నావళితోనే అన్నది సరదా సంగతి. హాజన్, షేవర్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు అమెరికాలోని డెన్వర్‌లో ఒక దినపత్రికలో అచ్చు వేయించిన ప్రశ్నలకు పాఠకులు పంపిన జవాబుల మీద, 1987లో వెలువడిన వారి తొలి పరిశోధన నిలబడింది. సుమారు సగానికి పైగా జనం నిశ్చింతగా దగ్గరయ్యే రకం వివరణను ఎంచుకున్నారు, నాలుగో వంతు దూరం పాటించే రకాన్ని, మిగతావారు బంధం తెగిపోతుందేమోనని ఆరాటపడే రకాన్ని ఎంచుకున్నారు. ఆ తర్వాత వచ్చిన పరిశోధకులు ఇవి మూడు గదులు కావనీ, కొలబద్దల వంటివనీ చెప్పారు. ఎవరిలోనైనా ఆరాటం కొంత ఉంటుంది, దూరం పాటించడం కొంత ఉంటుంది. ఎదురుగా ఉన్న మనిషిని బట్టి, కాలాన్ని బట్టి హెచ్చుతగ్గులు వస్తాయి. ఆరాటం ఎక్కువ ఉన్నవారు ఒంటరితనం ఎక్కువగా చెప్పుకుంటారన్నది పరిశోధనల్లో మళ్లీ మళ్లీ కనిపించిన విషయం. దూరం పాటించేవారి సంగతి అంత సూటిగా ఉండదు. ఒంటరితనం వాళ్లకూ ఉంటుంది, కాకపోతే “నీకు ఒంటరిగా అనిపిస్తోందా” అని అడిగితే “లేదే” అని చెప్పడం వాళ్లకు ఏళ్ల తరబడి అలవాటు.

మంచు పడుతున్న కొండల్లో ఉన్న భర్త రోజున్నర పాటు ఫోన్‌కు దొరకకపోతే పదకొండుసార్లు ప్రయత్నించడానికి ఏ స్టైలూ అక్కర్లేదు, భార్య అయితే చాలు. అసలు చూడవలసింది మీ ఇద్దరి మధ్య నడుస్తున్న తంతు. మీరు తగ్గించుకుంటున్న కొద్దీ ఆవిడ పెంచుతారు, ఆవిడ పెంచుతున్న కొద్దీ మీరు తగ్గిస్తారు. విడివిడిగా చూస్తే ఇద్దరి పనీ సబబే అనిపిస్తుంది.

హాస్టల్ వల్లేనా అన్న ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు లేదు. మన రాష్ట్రాల్లో ఎన్నో లక్షల మంది పిల్లలు గురుకులాల్లో, రెసిడెన్షియల్ కాలేజీల్లో చదువుకున్నారు, అందరూ ఇలా కాలేదు. చాలామందికి ఆ స్నేహాలే ఈనాటికీ పెద్ద ఆసరా. పైగా ఈ సిద్ధాంతం తల్లి ఒక్కదాని చుట్టూ తిరుగుతుందనీ, పలువురి చేతుల మీద పెరిగే పిల్లలను సరిగా చూడదనీ విమర్శ ఉంది, అందులో నిజం ఉంది. మీ విషయంలో అదే నాకు ముఖ్యం. మీకు నాయనమ్మ ఒడి ఉంది, నిశ్చింతగా ఉండటం మీకు పదకొండేళ్ల పాటు తెలుసు. మీరు పోగొట్టుకున్నది ఆవిడను. ఏడ్చే అవకాశం కూడా ఇంట్లోవాళ్లు మీకు ఇవ్వలేదు. మంచి ఉద్దేశంతోనే, పరీక్షలు చెడిపోకూడదనే చేశారు, మన ఇళ్లలో ఇది ఎంత మామూలో నాకు తెలుసు. అయినా కర్మకాండ అంతా అయిపోయాక తెలిసిన చావును ఆ వయసులో ఎవరితో పంచుకోగలరు? కాబట్టి తప్పంతా హాస్టల్ మీదో, నాన్నగారి మీదో వేయకుండా ఒక పని చేయవచ్చు: ఆవిడ ఆఖరి రోజులు ఎలా గడిచాయో, మీ గురించి అడిగేవారేమో నాన్నగారిని అడగండి. ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడెందుకని ఆయన దాటవేయవచ్చు, లేదా ఆయనే కంటతడి పెట్టవచ్చు. రెండింటికీ సిద్ధపడి అడగండి.

మారుతుందా అంటే, మారుతుంది, నెమ్మదిగా. చిన్నప్పుడు భద్రత దొరకనివారు పెద్దయ్యాక దాన్ని సంపాదించుకోగలరని ఈ రంగంలోనివారు ఒప్పుకుంటారు. జీవిత భాగస్వామితోనో, కౌన్సెలర్‌తోనో, తమ పాత కథను దాచకుండా ఒక వరసలో చెప్పగలగడం ద్వారా అది జరుగుతుంది. ఐదు పేజీలు రాసి ఆ పనిని మీరు ఇప్పటికే మొదలుపెట్టారు.

ఇక ఏం చేయాలన్న సంగతి. ఇలాగే పదహారు నెలలు నెట్టుకురావడం మీకు సాధ్యమే, నాకు భయం కలిగించేదీ అదే. మీ పాత విద్య మళ్లీ పనిచేస్తుంది. మూడో పెగ్గు వస్తుంది, ఫోన్ రెండు నిమిషాలకు తగ్గుతుంది, పాపకు పదేళ్లు దగ్గరపడతాయి. వార్షిక నివేదికలో మాత్రం మీ శాఖ పనితీరు భేషుగ్గా ఉంటుంది.

ప్రమోషన్ వదులుకుని వెళ్లిపోవడం పిరికితనమని నేను అనను. కాకపోతే రాజమండ్రిలో హాల్లో కూర్చుని కూడా అదే నాలుగు నిమిషాల మనిషిగా ఉండటం సాధ్యమేనని ఇన్నేళ్ల కాపురంలో మీ భార్యకు తెలిసే ఉంటుంది. దానికి తోడు పోయిన ప్రమోషన్ ఇద్దరి మధ్యా మాటిమాటికీ వచ్చి కూర్చుంటుంది. నిద్రలేని శీతాకాలంలో ఇంత నిర్ణయం వద్దు. మంచు కరిగి, మందు మానేసి, ఒక నెల సరిగా నిద్రపోయాక ఆలోచించండి. ఈలోగా ఆవిడ ప్రభుత్వోద్యోగి కాబట్టి ఆ కారణం మీద బదిలీకి దరఖాస్తు పెట్టుకోవచ్చేమో చూడండి, నియమాలు నాకంటే మీకే బాగా తెలుసు. దరఖాస్తు పెట్టినంత మాత్రాన ఉద్యోగంలో ఓడిపోయినట్టు కాదు.

వేసవి సెలవులకు ఇద్దరినీ అక్కడికి రప్పించుకోవడం నాకు మంచి దారిగా కనిపిస్తోంది, కానీ అది సులువని అనుకోకండి. ఇన్ని నెలలు ఒక్కరే ఉన్న గదుల్లోకి ఇద్దరు వచ్చేసరికి మూడో రోజుకే మీకు ఊపిరాడనట్టు అవుతుంది. సాయంత్రం ఒక గంట ఒక్కడినే నడిచి వస్తానని ముందే చెప్పండి. చెప్పి వెళ్తే అది నడక, చెప్పకుండా వెళ్తే అలక.

అంతకంటే ముందు భార్యతో మాట్లాడటం ఉంది. “నాది అవాయిడెంట్ స్టైల్” అని చెప్తే ఆవిడ చేతికి ఒక కొత్త తిట్టు ఇచ్చినట్టవుతుంది. టీ కొట్టులో జరిగింది చెప్పండి, జరిగింది జరిగినట్టు. ఆవిడ ఏడవవచ్చు, తక్షణం వచ్చేయమనవచ్చు, “ఇన్నేళ్లలో ఒక్కసారైనా ఇలా మాట్లాడావా” అని కోప్పడవచ్చు. సరిగ్గా ఆ క్షణంలో మీకు ఫోన్ పెట్టేయాలనిపిస్తుంది. ఇంకో రెండు నిమిషాలు ఉండండి, ఏమీ మాట్లాడకపోయినా ఫరవాలేదు. అలాగే మీ క్యాషియర్ నంబరు ఆవిడకు ఇవ్వండి. సిగ్నల్ పోయిన రోజున కబురు తెలిసే రెండో దారి ఉంటే పదకొండు కాల్స్ అవసరం ఆమెకూ ఉండదు. సంక్రాంతి నాడు నెయ్యి పోసిన కిచిడీ తినడానికి రమ్మని ఆ క్యాషియరే పిలిస్తే పని ఉందని తప్పించుకున్నానని రాశారు. ఈసారి పిలిస్తే వెళ్లండి. ఆ టీ కొట్టుకు కూడా వెళ్లండి, ఆయన ప్రశ్నకు మీరు ఇంకా జవాబు బాకీ ఉన్నారు.

రెండు వారాల్లో నిద్ర కుదరకపోయినా, మందు వదలకపోయినా, బతుకు మీద విరక్తి లాంటిది ఏమాత్రం తోచినా 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ. ఏ వేళలోనైనా, ఉచితంగా, తెలుగులో మాట్లాడవచ్చు. రాత్రి రెండింటికి మెలకువ వచ్చే మనిషికి ఆ వేళలో ఎత్తే ఫోన్ ఒకటి ఉండటం చిన్న విషయం కాదు.

పాప విషయం చివరికి ఉంచాను. “నాన్న బిజీ” అని ఆమె అంటున్నదానికీ, “స్టడీ అవర్ ఉంది” అని మీరు అన్నదానికీ తేడా ఏమిటో నాకు కనిపించడం లేదు. ఆమెను పిలిచి ఫోన్ చేతికిచ్చి మాట్లాడమని బలవంతపెట్టించకండి, “తిన్నావా, చదివావా” అన్న రెండు ప్రశ్నలూ మానేయండి. రాత్రి వంట వేళకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, వాళ్ల వంటింటి గట్టు మీద ఉంచమనండి. ఇటు మీరు బియ్యం కడిగి కుక్కర్ పెట్టుకోండి, అటు వాళ్ల పని వాళ్లు చేసుకుంటారు. ఎవరూ ఏమీ మాట్లాడకపోయినా ఫోన్ పెట్టేయకండి. మీరున్న ఎత్తులో అన్నం ఆలస్యంగా ఉడుకుతుంది. ఎప్పుడో ఒక రాత్రి ఆమె లెక్కపెట్టి, మన కుక్కర్‌కి మూడు విజిల్స్ చాలు కదా, నాన్న కుక్కర్‌కి ఎందుకన్ని అని అడుగుతుంది. అప్పుడు తీరిగ్గా చెప్పండి.